పేరు పెట్టి పిలుద్దాం
(కామారెడ్డి, ఎల్లారెడ్డి సభ్య కుటుంబాల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వికలాంగుల సంక్షేమాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు కోరారు. సంక్షేమం అనగానే మన మనసులో మెదిలేది మూడు చక్రాల బండి, చేతికర్ర, రంజాన్ నెలలో ఇచ్చే బట్టలు, బియ్యం. ఇవి అవసరమే, కాదనము. ఐతే ఈ రోజు వాటి జోలికి పోదలచుకోలేదు. ఇచ్చే చేతిని గురించి ఇటువంటి సభలలో చాలాసార్లు విన్నాం. చూసే కన్నును గురించి, పిలిచే నోటిని గురించి ఎవరూ ఎత్తరు. అది మాట్లాడుకుందాం.

ముందు పిలుపు సంగతి. మన దగ్గర ఒక మనిషికి కాలు పనిచేయకపోతే తల్లిదండ్రులు పెట్టిన పేరు కాస్తా ఏడాది తిరగకుండానే మాయమౌతుంది. బయట తెలుగులో కుంటాయన, గుడ్డాయన, చెవిటామె, మూగోడు. ఇంట్లో దక్కనీలో లంగ్డా, అంధా, బహెరా, గూంగా. ఈ ఒక్క విషయంలో మాత్రం రెండు భాషలూ ఒకదానికొకటి తీసిపోవు. సామెతలు చూడండి. చెవిటివాని ముందు శంఖం వూదినట్టు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు, అంధోఁ మే కానా రాజా. వీటిని భాషలోంచి పీకి పారేయమని మేము అనటం లేదు. భాష అంత తొందరగా మారేది కాదు. కాని చూపు లేని మనిషి ఎదుట కూర్చుని వుండగా ఆ సామెత మన నోట జారినప్పుడు ఆయన ముఖం వైపు ఎప్పుడైనా చూశామా అని అడుగుతున్నాం. నలుగురితోపాటు ఆయన కూడా నవ్వుతాడు. నవ్వకపోతే పొగరనుకుంటారని నవ్వుతాడు.

సర్కారు వారు కూడా పేర్లు మార్చుతూ వచ్చారు. వికలాంగులు అన్నారు, విభిన్న ప్రతిభావంతులు అన్నారు, 2015 చివర నుండి దివ్యాంగులు అంటున్నారు. ఆ చివరి మాట వినగానే వికలాంగుల సంఘాల వారిలోనే పలువురు అభ్యంతరం చెప్పారు. మాకు దివ్యత్వం అక్కరలేదు, హక్కులు కావాలి అన్నది వారి వాదం. మాకూ ఆ వాదమే సమంజసంగా కనిపిస్తున్నది. ఆఫీసు బోర్డు మీద మాట మారినంత మాత్రాన ఆఫీసు ముందున్న మెట్లు తగ్గవు గదా. అన్నిటికన్నా మంచి మాట ఆ మనిషి పేరే. బడిలో, మసీదులో, దుకాణంలో, పెండ్లి పిలుపు కార్డు మీద ఆ పేరే వుండాలి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం నలుగురిలో వికలాంగ వ్యక్తిని కావాలని అవమానిస్తే ఆరు నెలలకు తక్కువ కాకుండా, ఐదు సంవత్సరాల వరకూ జైలు పడవచ్చు. ఆ లెక్కన మన బజారులో రోజుకు ఎన్ని కేసులు కావాలో మీరే చూసుకోండి.

రోగం కన్నా, లోపం కన్నా మనుషుల చూపు ఎంత మొండిదో తెలుసుకోవాలంటే దూరం పోనక్కరలేదు. కామారెడ్డిలో నిజామాబాదు రైలెక్కితే దారిలో డిచ్‌పల్లి స్టేషను వస్తుంది. అక్కడ 1915లో కుష్ఠురోగుల కోసం విక్టోరియా ఆసుపత్రి మొదలైంది. స్కాట్లండు నుండి వచ్చిన డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ క్రైస్తవ మిషను తరఫున దానిని నెలకొల్పారు. అందుకు డబ్బు ఇచ్చినవారు రాజా నర్సాగౌడ్ అనే హిందూ ధనికులు. రాజ్యం నిజాం ప్రభువుది. అంటే డాక్టరమ్మ ఒక మతం, దాత ఒక మతం, ఏలినవారు ఒక మతం. ఐనా ముగ్గురి నీడనా ఆ ఆసుపత్రి నిలిచింది. వూరి నుండి వెళ్ళగొట్టబడినవారికి, తోబుట్టువులు కూడా దగ్గరికి రానివ్వనివారికి అదొక నిలువ నీడ అయింది.

ఆ రోజుల్లో గట్టి మందు లేదు. హిడ్నోకార్పస్ అనే చెట్టు గింజల నూనెను సూదిమందుగా ఇచ్చేవారు. కొందరికి గుణం కనిపించేది, కొందరికి లేదు. కాబట్టి అప్పటి జనం భయపడ్డారంటే కొంతవరకు అర్థం చేసుకోవచ్చు. ఆ తర్వాత డాప్సోన్ వచ్చింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతిని సిఫారసు చేసింది. ఈ మందులు ఆరు నెలలు, రోగం ఎక్కువగా వుంటే పన్నెండు నెలలు మింగితే రోగం నయమౌతుంది. సర్కారు ఆసుపత్రిలో పైసా ఖర్చు లేదు. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఆ మనిషి వల్ల ఇతరులకు అంటే ప్రమాదం పోతుంది. అసలు చాలామందికి ఆ క్రిమిని తట్టుకునే శక్తి పుట్టుకతోనే వుంటుంది. 2005 డిసెంబరు నాటికి పదివేల మందిలో ఒకరి కన్నా తక్కువకు ఈ రోగాన్ని తగ్గించామని మన దేశం ప్రకటించుకున్నది.

మరి వేళ్ళు ఎందుకు పోతాయి అంటారు. రోగం వేళ్ళను తినదు. నరాలు చచ్చి స్పర్శ పోతుంది. పొయ్యి మీది గిన్నె చెయ్యి కాల్చినా తెలియదు, కాలికి ముల్లు దిగినా తెలియదు. ఆ పుండ్లు ముదిరి వేళ్ళు పోతాయి. రోగం నయమైనా పోయిన వేలు తిరిగి రాదు. అందుకనే 2016 చట్టం లెక్కించిన 21 రకాల వైకల్యాలలో "కుష్ఠు నయమైనవారు" అని ఒక రకం పెట్టారు. డాక్టరు నయమైందని కాగితం ఇస్తాడు. జనం కాగితం చూడరు, వేళ్ళు చూస్తారు. హోటల్లో టీ గ్లాసు వేరే పెడతారు. కూతురి సంబంధం తప్పిపోతుంది. నూరేళ్ళ క్రితం మందు లేని రోజుల్లోని భయం మందు వచ్చిన తర్వాత కూడా అలాగే నిలిచి వున్నది.

చట్టాలు కూడా ఆలస్యంగానే మేలుకున్నాయి. మనకు వర్తించే 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలో భర్తకు కుష్ఠు వుంటే భార్య విడాకులు కోరవచ్చునని వుండేది. హిందూ, క్రైస్తవ వివాహ చట్టాలలోనూ అటువంటి నిబంధనే వుండేది. మందు వచ్చి దాదాపు నలభై ఏళ్ళయ్యాక, 2019లో, పార్లమెంటు ఆ మాటను ఈ చట్టాలన్నిటిలోంచీ ఒక్కసారిగా తీసివేసింది. ఇది మన వాళ్ళలో ఎంతమందికి తెలుసు? ఖాజీ సాహెబులు, పెద్ద మనుషులు పంచాయితీలు చేసేటప్పుడు ఇది మనసులో పెట్టుకోవాలని మనవి.

ఇక ఇంటి లోపలి సంగతి. వీధి పేరు పోగొడితే ఇల్లు మనిషినే దాచిపెడుతుంది. చుట్టాలు వస్తే ఆ పిల్లను లోపలి గదిలో కూర్చోబెడతారు. తల్లికి ప్రేమ లేక కాదు. పెద్దదానికి సంబంధం చూస్తున్నారు, చిన్నదాని సంగతి తెలిస్తే "ఈళ్ళ ఖాందాన్‌లనే ఉన్నది" అని వచ్చినవాళ్ళు వెనక్కి పోతారని భయం. లేదా జోడే కీ రఖమ్ రెండింతలు అడుగుతారని భయం. ఆ భయం వుట్టిది కాదు. ఆ వచ్చే చుట్టాలం మనమే గనుక, భయం పోగొట్టవలసిందీ మనమే.

ఈ దాచిపెట్టడం దేశం లెక్కల్లో కూడా కనిపిస్తుంది. బ్రిటిషు వారి కాలంలో 1931 వరకు జనాభా లెక్కల్లో అంధులు, చెవిటివారు వంటి వివరాలు రాసుకునేవారు. 1941 నుండి అది మానేశారు. 1981లో, అంటే ఐక్యరాజ్య సమితి ప్రకటించిన వికలాంగుల సంవత్సరంలో, మళ్ళీ అడిగారు. 1991లో మళ్ళీ మానేశారు. 2001 నుండి అడుగుతున్నారు. 2011 లెక్క ప్రకారం దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల 66 వేల మంది వికలాంగులు. నూటికి రెండు పైచిల్లర. అసలు సంఖ్య ఇంతకన్నా ఎక్కువేనని ఈ పనిలో వున్నవారంతా అంటారు. ఎందుకంటే గుమ్మంలో నిలబడి లెక్క రాసుకునేవాడికి లోపలి గది కనిపించదు. మనం చెప్తేనే తెలుస్తుంది. 2027 జనగణన ప్రకటించారు. ఆ రోజున మన ఇండ్లలో ఒక్క పేరు కూడా దాగకూడదు.

దాచటం వెనుక ఇంకొకటి వున్నది. తప్పు తల్లి మీద వేయటం. గ్రహణం నాడు బయట తిరిగిందట, కత్తి పట్టుకున్నదట. పై పెదవి చీలిక వస్తే దానికి పేరే గ్రహణం మొర్రి అని పెట్టారు. హిందువులు, ముస్లిములు అనే తేడా లేదు, మన ఇండ్లలోని ముసలమ్మలు కూడా గర్భిణిని ఆ రోజు కదలనివ్వరు. సంగతేమంటే, పెదవి, అంగిలి కలుసుకునే పని కడుపులో మొదటి రెండు మూడు నెలల్లోనే అయిపోతుంది. ఏడో నెలలో వచ్చిన గ్రహణం ఏం చేస్తుంది? ప్రపంచంలో సుమారు 700 కాన్పులకు ఒకటి చొప్పున ఈ మొర్రి వస్తూనే వున్నది. చంటిబిడ్డగా వుండగానే ఆపరేషను చేస్తే సరిపోయే పనికి తల్లిని జన్మంతా దోషిని చేస్తారు.

వరంగల్ జిల్లా కల్లెడ గ్రామపు అమ్మాయి జీవాంజి దీప్తి పేరు పేపర్లలో చూసి వుంటారు. సూర్యగ్రహణం నాడు పుట్టిందని, తల చిన్నదిగా, పెదవులు వేరుగా వుండేవని తల్లి చెప్పారు. బుద్ధి ఎదుగుదల తక్కువ. పిచ్చిది అన్నారు, కోతి అన్నారు, అనాథాశ్రమంలో వేయండి అని సలహా ఇచ్చినవారు కూడా వున్నారట. తల్లిదండ్రులు వేయలేదు. ఆ పిల్ల 2024 మే నెలలో జపానులోని కోబేలో 400 మీటర్ల పరుగు 55.07 సెకన్లలో ముగించి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. అర్జున అవార్డు వచ్చింది. సంతోషమే. ఐతే ఈ కథ చెప్పి చప్పట్లు కొట్టించడం మా వుద్దేశ్యం కాదు. పతకం వచ్చాక శాలువా కప్పటానికి అందరూ వస్తారు. పరుగెత్తలేని పిల్ల కూడా అదే వీధిలో వుంటుంది, ఆమెను కోతి అనకుండా వుండటానికి ఏ పతకం కావాలి?

ఇందుకు భిన్నమైన చోటు ఒకటి మన దగ్గరే వున్నది. బీడీలు చుట్టే అరుగు. కామారెడ్డి చుట్టుపక్కల ఏ వూరికి పోయినా చాటలు ఒళ్ళో పెట్టుకుని ఆడవాళ్ళు కూర్చుని వుంటారు. అక్కడ కాలు పనిచేయని అమ్మాయిని ఎవరూ తక్కువగా చూడరు. అక్కడ లెక్క వెయ్యి బీడీలది. కాలుతో పని లేదు, చేతి వేగమే మాట్లాడుతుంది. గంటలకొద్దీ కూర్చుని పొగాకు దుమ్ము పీల్చే ఆ పని మంచిదని మేము మెచ్చుకోవటం లేదు. కాని ఆ అరుగు మీద ఆమెకు పేరు వుంటుంది. సాయంత్రం లేచి వీధిలోకి రాగానే మళ్ళీ "కుంటిది" అవుతుంది. మనిషి మారలేదు. చోటు మారింది, అంతే.

హోదా మారినా ఇలాగే జరుగుతుంది. సూదిని జైపాల్ రెడ్డి గారికి పసితనంలోనే పోలియో వచ్చింది. చంకకర్రలతోనే నడిచారు. కల్వకుర్తి నుండి నాలుగుసార్లు శాసనసభకు, ఆ తర్వాత ఐదుసార్లు లోక్‌సభకు ఎన్నికయ్యారు. కేంద్రమంత్రి అయ్యారు. 1980లో మన పక్కనున్న మెదక్‌లో ఇందిరాగాంధీ మీదనే పోటీ చేశారు, ఓడిపోయారనుకోండి. 2019లో కన్నుమూసేవరకు ఆయన్ను జనం తలచుకున్నది మాటకారిగా, మేధావిగానే. కలిగిన ఇంట్లో పుట్టారు గనుక చెల్లింది అనేవారున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. మేము చెప్పేదీ అదే. భూమి, చదువు, పలుకుబడి వున్నవాడి కాలు ఎవరికీ కనిపించదు. లేనివాడికి కాలు తప్ప ఇంకేమీ కనిపించదు.

పింఛను ఈ చూపును కొంత మార్చిందని ఒప్పుకోవాలి. 2014 నవంబరులో ఆసరా కింద నెలకు 1,500 మొదలైంది, 2019లో 3,016 అయింది, 2023లో 4,016 చేశారు. ఈ పెంపుదలల వెనుక వికలాంగుల సంఘాలు ఎండలో కూర్చుని చేసిన ధర్నాలున్నాయి, అది మరచిపోరాదు. డబ్బు చేతిలో పడ్డాక, ఏ మూల మంచం మీదనో వున్న మనిషిని "చాయ్ తాగినవా" అని అడిగేవారు పుట్టుకొచ్చారు. నవ్వు వస్తుంది గాని, ఆ అడగటం కూడా లేని రోజుల కన్నా ఇది మేలు.

ఆ పింఛనుకు వైకల్య సర్టిఫికెట్టు కావాలి, నూటికి 40 శాతం వైకల్యం వున్నదని డాక్టర్లు రాయాలి. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా అయ్యేంతవరకు ఎల్లారెడ్డి మనిషికి జిల్లా కేంద్రమంటే నిజామాబాదే. ఇప్పుడు లింగంపేట మీదుగా కామారెడ్డి వస్తే చాలు. దారి తగ్గింది. ఐతే బస్సు మెట్టు అంతే ఎత్తు. వికలాంగులకని రాసిపెట్టిన సీట్లో కూర్చున్నవారు కిటికీలోంచి బయటికి చూస్తుంటారు. ఆఫీసులో బల్ల అవతల కూర్చున్నాయన వికలాంగుణ్ణి వదిలి వెంట వచ్చినవాణ్ణి అడుగుతాడు, "ఈయన పేరేంది? ఏమైంది ఈయనకు?" అని. పేరు చెప్పటానికి ఆ మనిషికి నోరు లేదా? కాలు లేకపోతే నోరు కూడా లేదనే అనుకుంటాం. ఆఫీసులనే ఎందుకు అనాలి, ఇండ్లలో కూడా ఇదే వరుస. "వాడు తింటడా?" అని అన్నను అడుగుతాం, తమ్ముడు పక్కనే కూర్చుని వుండగా.

ఇక్కడ హజ్రత్ అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్‌ను తలచుకోకుండా వుండలేము. చూపు లేనివారు. ఖురైషు పెద్దలతో మాట్లాడుతున్న వేళ ఆయన వచ్చి అడిగినప్పుడు ప్రవక్త ముఖం చిట్లించుకున్నందుకే అబస సూరా దిగిందని మీ అందరికీ తెలుసు. ఆ తరువాతి సంగతి మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. మదీనాలో బిలాల్‌తోపాటు అజాన్ చెప్పే బాధ్యత ఆయనకు దక్కింది. ప్రవక్త ప్రయాణమై పోయినప్పుడు నమాజు చేయించటానికి ఆయన్ను తమ స్థానంలో నిలిపి వెళ్ళిన సందర్భాలున్నాయి. ఆయనకు లభించింది ఖైరాత్ కాదు, పని. అటువంటి పని మన మసీదు కమిటీల్లో, మన సంఘం కార్యవర్గంలో ఎవరికి ఇచ్చాం?

సంఘం ముందు మూడు ప్రతిపాదనలు వుంచుతున్నాము. ఒకటి, సాయం అందుకునేవారి ఫోటోలు సభలో తీసి అచ్చు వేయించే పద్ధతి వద్దు. బండి ఇచ్చిన సంగతి జమాఖర్చులో రాస్తే చాలు. రెండు, సభలు పెట్టుకునే హాలుకు, వుజూ చేసే చోటుకు ఏటవాలు దారి కట్టించాలి. ఇందుకు లెక్క వున్నది, ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. మూడు మెట్లు కలిపి అడుగున్నర అనుకుంటే పద్దెనిమిది అడుగుల దారి, ఒక పక్కన పట్టుకోవటానికి పైపు. తక్కువ పొడవులో నిటారుగా కడితే బండి వెనక్కి జారుతుంది, కట్టి లాభం లేదు. మేస్త్రీకి ఈ కొలత ముందే చెప్పాలి. మూడు, వచ్చే కార్యవర్గంలో ఎల్లారెడ్డి నుండి ఒకరు, కామారెడ్డి నుండి ఒకరు వికలాంగ సభ్యులు వుండాలి. వారిలో ఒకరు స్త్రీ అయితే మరీ మంచిది. వారికి వికలాంగుల పనే అప్పజెప్పనక్కరలేదు. స్కాలర్‌షిప్పుల పని చూస్తారు, లెక్కలు చూస్తారు, ఏది వస్తే అది.

మూడో ప్రతిపాదనకు నియమావళి మార్చాలా వద్దా అన్నది భోజనాల తర్వాత చర్చకు పెడదామని కార్యదర్శి గారు చెప్పారు. భోజనాలు ఈ రోజు మేడ మీద కాకుండా కిందనే ఏర్పాటు చేశారు, అందరూ అక్కడికే రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము. ఖుదా హాఫిజ్.